నాలుక సాక్ష్యం

రుచిని తెలుగువాళ్లు ‘చూస్తారు’. కూరలో ఉప్పు చూస్తారు, పండు తీపి చూస్తారు, వైద్యుడైతే నాడి చూస్తాడు. చూడటం కంటి పనే అయినా, ఒకదాన్ని స్వయంగా పరీక్షించి తెలుసుకోవడానికి భాష ఆ మాటనే ఖాయం చేసింది. తర్కశాస్త్రంలోనూ అంతే. ‘ప్రత్యక్షం’లో ఉన్నది అక్షి, అంటే కన్ను, అయినా ఆ ప్రమాణం చెవికీ ముక్కుకీ చర్మానికీ నాలుకకీ వర్తిస్తుంది. అయితే నాలుక నిజంగా చూసేది ఏమిటి? దాని సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది? ఈ ప్రశ్నను పరీక్షించడానికి నెల్లూరు దగ్గరి కోవూరు బజారులో ఏ బేకరీ గాజుసీసా అయినా చాలు. అందులో పండు బిస్కెట్లు ఉంటాయి.

పండు పేరు చెప్పుకునే బిస్కెట్లు రెండు రకాలు. ఒకటి జనం ఫ్రూట్ బిస్కెట్టు అనేది. తెలుగునాట దానికి పేరు తెచ్చింది హైదరాబాదు కరాచీ బేకరీ. దేశవిభజనతో సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర దాన్ని పెట్టాడు. ఈ బిస్కెట్టు స్కాట్లండు షార్ట్‌బ్రెడ్‌కి దూరపు చుట్టం, నాన్‌ఖటాయికి దగ్గరి చుట్టం. షార్ట్‌బ్రెడ్ పాత లెక్క తేలిక: ఒక పాలు చక్కెర, రెండు పాళ్లు వెన్న, మూడు పాళ్లు పిండి. కొవ్వు పిండి రేణువులను కప్పేస్తుంది, తడి తగలక జిగురు సాగదు, అందుకే అది పంటి కింద విరిగి నోట్లో పొడిపొడిగా కరిగిపోతుంది. చౌక రకాల్లో వెన్న చోటు వనస్పతిది. ఇలాంటి బిస్కెట్లలో ఎర్రగా, ఆకుపచ్చగా, పసుపుగా మెరిసే ముక్కల్ని టూటీ ఫ్రూటీ అంటారు. చాలావరకు అవి పచ్చి బొప్పాయి ముక్కలే: ఉడికించి, చక్కెర పాకంలో నానబెట్టి, రంగు పట్టించి ఆరబెట్టినవి.

రెండో రకం, నడుమ క్రీము పెట్టిన జంట బిస్కెట్టు. పొట్లం మీద ఆరెంజి, పైనాపిల్, నిమ్మ అని పేరు ఉంటుంది, నిగనిగలాడే పండు బొమ్మ ఉంటుంది. లోపలి క్రీములో సాధారణంగా ఉండేవి చక్కెర, కొవ్వు, పులుపు కోసం సిట్రిక్ ఆమ్లం, చుక్కంత సువాసన ద్రవ్యం. అనాస వాసనకు ఇథైల్ బ్యుటిరేట్, అరటి వాసనకు ఐసోఅమైల్ ఎసిటేట్ చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. నారింజ వాసన తొక్క నుంచి తీసిన నూనెదైనా కావచ్చు.

మొదటిదానిలో పండు ఉంది, పండు రుచి లేదు. రెండోదానిలో పండు రుచి ఉంది, పండు లేదు. తర్కం చదివేవారికి ఇంతకంటె చక్కని జంట దొరకదు.

రుచి గురించి న్యాయ వైశేషికుల నిర్వచనం చాలా పొదుపైనది. 17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు కొత్తగా చదువుకునేవారి కోసం రాసిన తర్కసంగ్రహంలో అది ఇలా ఉంటుంది: రసం ఒక గుణం, దాన్ని పట్టేది నాలుక, అది తీపి, పులుపు, ఉప్పు, కారం, వగరు, చేదు అని ఆరు రకాలు. వాసన వేరే గుణం, దాన్ని పట్టేది ముక్కు. ఉగాది పచ్చడి తినే ఇళ్లలో ఈ ఆరింటి లెక్క పిల్లలకు కూడా తెలుసు. నేటి శరీరశాస్త్రం కారాన్ని మంటగా, వగరును స్పర్శగా లెక్కవేసి పక్కన పెడుతుంది, మాంసపు చారులో తెలిసే ఉమామీని కొత్తగా చేరుస్తుంది. ఏ జాబితా చూసినా నారింజ రుచి అనేది మాత్రం లేదు. అనాస రుచీ లేదు.

లేకపోవడం పొరపాటు కాదని తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒకరు కళ్లు మూసుకుని, ముక్కు గట్టిగా పట్టుకుని కూర్చుంటే, ఇంకొకరు ఆరెంజి క్రీమునీ పైనాపిల్ క్రీమునీ వరస చెప్పకుండా అందించాలి. నాలుకకు తీపి తెలుస్తుంది, వెనకనే కాస్త పులుపు తెలుస్తుంది. ఏది ఏ పండో చాలామంది చెప్పలేరు. ముక్కు వదిలిన మరుక్షణం నారింజ తిరిగి వస్తుంది. నమిలేటప్పుడు నోటి వెనక నుంచి గాలి ముక్కులోకి ఎక్కి మోసుకెళ్లే వాసననే జనం రుచి అనుకుంటారు. జలుబు చేస్తే అన్నం సహించకపోవడానికీ కారణం ఇదే. రసాన్నీ గంధాన్నీ రెండు గుణాలుగా, రెండు ఇంద్రియాలకు పంచిన ప్రాచీనుల విభజన ఈ పరీక్షలో చెక్కుచెదరదు.

నైయాయికులు ఇంకో అడుగు వేశారు. బయటి ఇంద్రియాలలో ద్రవ్యాన్ని నేరుగా పట్టగలిగేవి కన్ను, చర్మం మాత్రమే. నాలుక, ముక్కు, చెవి గుణాలతో ఆగిపోతాయి. కాబట్టి ‘ఇది తీపి’ అనేది నాలుక మాట. ‘ఇది నారింజ’ అనేది నాలుక అన్న మాట కానే కాదు. మరి అది ఎవరి మాట? ఇక్కడ దర్శనాలు విడిపోతాయి. దూరంగా ఉన్న గంధపు చెక్కను చూసి ‘మంచి వాసన గల గంధం’ అన్నప్పుడు, ముక్కు దాకా రాని వాసన ఎలా తెలిసింది? పాత జ్ఞానమే ఇంద్రియానికి వంతెనగా పనిచేసింది, కాబట్టి ఇదీ ప్రత్యక్షంలో ఒక విశేష రకమే అని నైయాయికులు అంటారు. వేదాంత పరిభాష రాసిన ధర్మరాజాధ్వరీంద్రుడు దీనికి ఒప్పుకోడు. గంధపు చెక్క వరకే ప్రత్యక్షం, వాసన భాగం పరోక్షం అంటాడు. క్రీము బిస్కెట్టు ఈ ఉదాహరణను తలకిందులు చేస్తుంది. అక్కడ చెక్క కనబడింది, వాసన రాలేదు. ఇక్కడ వాసన వచ్చింది, పండు లేదు. పరోక్షం అనే పక్షమే ఇక్కడ బలంగా నిలబడుతుంది. పండు ఎదుటే లేదు కాబట్టి ‘నారింజ’ అనేది జ్ఞాపకమూ పొట్లం మీది బొమ్మా కలిసి చేసిన ఊహ. ముత్యపుచిప్పను వెండి అనుకోవడం లాంటి భ్రమ ఇది అంటే, ఆ తప్పు నాలుకది కాదు. అది తీపిని తీపి అంది, పులుపును పులుపు అంది. అబద్ధమాడని సాక్షి నోట అడగని మాట చెప్పించినట్టు అయింది.

పొయ్యి దగ్గర కూడా ఒక పాత వివాదం ఉంది. పచ్చికుండను ఆవంలో కాలిస్తే రంగు మారుతుంది. నిప్పు వల్ల రంగు, రుచి, వాసన, స్పర్శ మారడాన్ని పాకం అంటారు. మారేది విడివిడి పరమాణువులని వైశేషికులు, వస్తువు మొత్తంగానే అని నైయాయికులు. ఓవెన్‌లో మైదా ముద్ద బంగారు రంగు బిస్కెట్టు కావడాన్ని 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి రసాయనవేత్త వివరించిన చర్యతో నేడు చెబుతున్నారు: వేడికి చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి కొత్త రంగును, కొత్త వాసనలను పుట్టిస్తాయి. కమ్మగా కాలిన ఆ వాసన పిండిలో లేదు, వెన్నలో లేదు. బిస్కెట్టులో నిజంగా దాని సొంతమని చెప్పదగ్గ రుచి ఇదొక్కటే. పండు పేరు దాని పైన అరువు తెచ్చుకున్నది.

సరైన రుచి ఏదో తేల్చేదెవరు? తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి ప్రమాణం మీద రాసిన వ్యాసంలో డాన్ క్విక్సోట్ నవల నుంచి తీసిన ఒక కథ ఉంది. ఒకే పీపాలోని ద్రాక్షసారా తాగి ఒకడు తోలు రుచి ఉందన్నాడు, రెండోవాడు ఇనుము రుచి ఉందన్నాడు. ఇద్దర్నీ చూసి జనం నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు ముక్క కట్టిన తాళంచెవి దొరికింది. నిపుణుడి నాలుకకు ఆధారం వస్తువులోనే ఉందని హ్యూమ్ తాత్పర్యం. ఫ్రూట్ బిస్కెట్టుకు ఈ న్యాయం సరిపోతుంది, అడుగున బొప్పాయి దొరుకుతుంది. క్రీము బిస్కెట్టుకు మాత్రం పీపా ఎంత వెతికినా తాళంచెవి ఉండదు. అక్కడ ప్రమాణం తినేవారి జ్ఞాపకమే. పొదలకూరు, గూడూరు నిమ్మతోటల సీమలో పెరిగిన నాలుకకు నిమ్మ అంటే తెలిసిన వాసన ఒకటుంది. పొట్లం మీది ‘లెమన్’ వేరే జాతి పసుపు నిమ్మను తలపిస్తుంది. అందుకే ఆ క్రీము ఇక్కడివారికి నిమ్మలా కాక, నిమ్మ అని పేరు పెట్టిన మరొకటిలా తగులుతుంది. కమలాపండు కంటె ముందు ఆరెంజి క్రీము రుచి మరిగిన పిల్లల సంగతి ఇంకా చిత్రం. వారికి ఉపమానం తిరగబడుతుంది: పండును బిస్కెట్టుతో పోల్చి, పండులో ఏదో తక్కువైందంటారు.

మతం దగ్గరికి వస్తే ప్రశ్న మారుతుంది. రుచి చూసింది ఎంగిలి అవుతుంది. నైవేద్యం వండేవారు ఉప్పు చూడరు. చేతి కొలత, కంటి అంచనా, అనుభవం, ఇవే ఆధారం. దేవుడి వంటింట్లో ప్రత్యక్షానికి తలుపు మూసి, గుర్తులను బట్టి ఊహించే అనుమాన ప్రమాణానికి తెరిచారన్నమాట. ఈ నియమాన్ని తిరగేసిన కథ శ్రీకాళహస్తిది. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడు, తమిళుల పెరియపురాణంలో కణ్ణప్ప, కాల్చిన మాంసం ముక్కల్ని నమిలి చూసి, బాగున్నవే ఏరి శివుడికి పెడతాడు. అర్చకుడికి అది అపచారం, శివుడికి ప్రీతి. శబరి పళ్లు కొరికి చూసి పెట్టిందన్న కథా ఇదే కోవది. వాల్మీకి రామాయణంలో కొరకడం లేదు, తర్వాతి భక్తి సంప్రదాయం కల్పించుకున్న తీపి అది.

ఈ రెండు కథల్లోనూ వ్యాఖ్యాతలు భక్తిని చూస్తారు. దాని వెనక తర్కం కూడా ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. దీన్నే స్థాలీపులాక న్యాయం అంటారు. కుండలోని మెతుకులన్నీ ఒకే నీటిలో ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి ఆ న్యాయం చెల్లుతుంది. రేగుపళ్లకు అది చెల్లదు. పక్కపక్క కొమ్మల పళ్లలో ఒకటి తియ్యగా, ఒకటి వగరుగా ఉంటుంది. మాంసం ముక్కా అంతే. తియ్యనిదే పెట్టాలంటే ప్రతిదాన్నీ కొరకాల్సిందే, మరో దారి లేదు. ఎంగిలి ఆ ప్రేమకు తప్పని ఖర్చు. బిస్కెట్టు ఫ్యాక్టరీలో మెతుకు న్యాయమే రాజ్యం చేస్తుంది. పరీక్షకులకు మూడు ముక్కలు ఇస్తారు, రెండు ఒకే రకం, మూడోది ఏదో కనిపెట్టాలి. వారు తిన్నది ఎవరికీ వెళ్లదు. వెళ్లే వేల పొట్లాలు దానికి నకళ్లు. ఎంగిలి లేకుండా రుచి చూసే ఉపాయం దొరికింది, అయితే అది ప్రతి బిస్కెట్టునూ ఇంకోదానిలా చేయడం వల్ల దొరికింది. పండుకు ఉన్న విశేషం పోయి సామాన్యం ఒక్కటే మిగిలింది.

అయినా బిస్కెట్టు మడిని దాటడానికి చాలాకాలం పట్టింది. ఎవరి చేతి పిండి, ఏ కొవ్వు అన్న అనుమానం ఎంత బలమైనదంటే, 19వ శతాబ్దం చివర ఢిల్లీలో హిందూ బిస్కెట్ కంపెనీ అనే పేరుతోనే ఒక సంస్థ వెలిసింది. నేడు ఆ పని పొట్లం మీది ఆకుపచ్చ చుక్క చేస్తోంది. గీత 17వ అధ్యాయం ప్రకారం తూచితే మాత్రం తీర్పు ఎటూ తేలదు. రసమూ జిడ్డూ ఉండి మనసుకు నచ్చేది సాత్త్వికం అన్న లెక్కన వెన్న బిస్కెట్టు నెగ్గుతుంది. వండి జాము దాటిన ‘యాతయామం’ తామసం అన్న లెక్కన ఆరు నెలలు నిలవుండే పొట్లం దారుణంగా ఓడిపోతుంది.

రుచి చూడటమే మానేయాలన్న పక్షం కోవూరుకు బాగా దగ్గరిది. పెన్న ఒడ్డున పల్లిపాడులో దిగుమర్తి హనుమంతరావు తదితరులు, పొణకా కనకమ్మ తోడ్పాటుతో, నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. గాంధీ ఆశ్రమ వ్రతాలలో అస్వాదం ఒకటి. మందును రుచి కోసం ఎవరూ తాగరు, తిండీ అలాగే శరీరానికి కావలసినంత తీసుకోవాలని ఆయన వాదం. జైనుల రసపరిత్యాగం ఇంకా పాతది: నెయ్యి, పాలు, బెల్లం వంటివాటిని కొంతకాలం వదిలే బాహ్య తపస్సు. గీత రెండో అధ్యాయం ఇక్కడ ఒక చిక్కు పెడుతుంది. తిండి మానిన మనిషికి విషయాలు దూరమవుతాయి గానీ వాటి మీది రసం మిగిలే ఉంటుందట. బిస్కెట్టు మానవచ్చు, నోరూరడం మానదు. అస్వాద వ్రతానికి అసలు పరీక్ష ఇదే, అందులో నెగ్గినవారు తక్కువ.

పెన్న వంతెన దాటి నెల్లూరు వెళితే ఈ చర్చకు పూర్తిగా బయట ఉన్న తిండి ఒకటి కనిపిస్తుంది. మొహర్రం సమయంలో స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. అన్ని మతాలవారూ నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని వాటికి పేర్లు. పిండి ఒకటే, పెనం ఒకటే; క్రీము బిస్కెట్ల మాదిరే పేరు ఒక్కటే వేరు. కానీ ఆ పేరు రుచి గురించి ఏమీ చెప్పదు కాబట్టి అక్కడ నాలుక భ్రమపడేందుకు ఏమీ లేదు, సాక్ష్యం చెప్పేందుకూ ఏమీ లేదు. రొట్టె ఎలా ఉందని ఎవరూ అడగరు. కోరిక ఉన్నవారు తీసుకుని తింటారు. అది తీరినవారు మరుసటి ఏడు అదే పేరుతో రొట్టె తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు.