కారు కొన్న మేనకోడలికి

తల్లీ,

కొత్త కారుకి పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి ఫొటో పంపావు. చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. నీ జీతంతో నువ్వు కొనుక్కున్న బండి. నిన్నూ, నీతోపాటు ఆ బండెక్కేవాళ్ళనీ దేవుడు చల్లగా చూడాలి.

బ్రేకు, గేరు, క్లచ్చు సంగతులు డ్రైవింగ్ స్కూలువాళ్ళు నేర్పే ఉంటారు. స్టీరింగ్ పక్కన ఉండే ఏసీ, హీటరు బటన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. ఉక్కపోస్తే నీలం వైపు, చలేస్తే ఎరుపు వైపు తిప్పుకోవడమేగా అనుకుంటారు. వానలో దారి కనబడాలన్నా, దూరప్రయాణంలో మగత కమ్మకుండా ఉండాలన్నా, ఘాట్‌రోడ్డు మీద ఇంజను వేడెక్కిపోతే దాన్ని కాపాడుకోవాలన్నా నీ చెయ్యి వెళ్ళాల్సింది ఆ బటన్ల దగ్గరికే. హైదరాబాదు నుంచి రాజమండ్రికి ఒక్కదానివే నడుపుకుంటూ వస్తానంటున్నావు గనక, బయల్దేరేలోపు ఈ నాలుగు మాటలు చదువుకో.

ముందు లోపల జరిగేదేమిటో తెలుసుకో. ఇంజను మరీ వేడెక్కకుండా దాని చుట్టూ కూలెంటు తిరుగుతూ ఉంటుంది. అలా కాగిన కూలెంటు డాష్‌బోర్డు వెనక ఉన్న ఓ చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. దాని మీదుగా ఫ్యాను గాలి కొడితే అదే హీటరు. ఎలాగూ బయటికి పోయే వేడే కాబట్టి దానికి అదనంగా పెట్రోలు దాదాపు అవసరం లేదు. కాకపోతే ఇంజను వేడెక్కేదాకా కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. చల్లదనం అలా ఊరికే రాదు. ఇంజను బెల్టుతో కంప్రెసర్ తిరగాలి. అది గ్యాస్‌ని నొక్కిపెట్టి ముందుకు తోస్తే, బండి ముందున్న కండెన్సర్‌లో ఆ గ్యాస్ తన వేడి వదులుకుని, డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లోకి వచ్చి చల్లబడుతుంది. దీనికి ఇంధనం ఖర్చు. చిన్న ఇంజనుకైతే చెప్పుకోదగ్గ బరువు కూడా. ఎలక్ట్రిక్ కార్లలో లెక్క వేరు. అక్కడ కాగే ఇంజను లేదు గనక హీటరు కూడా బ్యాటరీ మీదే నడుస్తుంది, ఆ మేరకు ఒక్క ఛార్జింగుకి వెళ్ళే దూరం తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. గాలి ఆ చల్లని కాయిల్ మీదుగా పోయేటప్పుడు అందులోని తేమ నీళ్ళై కారిపోతుంది. అంటే ఏసీ గాలిని చల్లబరచడమే కాకుండా ఆరబెడుతుంది కూడా. ఏసీ వేసి నిలబెట్టిన కారు కింద నీటిచుక్కలు పడేది అందుకే. వాటిని చూసి కంగారు పడకు. ఎండాకాలం ఆ చుక్కలు పడకుండా కాళ్ళ దగ్గర మ్యాటు తడిస్తేనే నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోయిందని అర్థం.

కార్లో ఏసీ పెట్టి మొట్టమొదట అమ్మకానికి తెచ్చింది అమెరికాలోని ప్యాకర్డ్ కంపెనీ, 1939లో. దాన్ని ఆపడానికి డాష్‌బోర్డు మీద బటనే ఉండేది కాదు. ఆపాలంటే బండి నిలిపి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టుని చేత్తో ఊడదీయాల్సి వచ్చేది. ఇప్పుడు నీకు అదంతా ఒక్క వేలితో అయ్యే పని. ఆ వేలు ఎప్పుడు ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలు.

ఇక వాన సంగతి. దీన్ని జాగ్రత్తగా చదువు. జూలై సాయంత్రం నలుగురు తడిసిన బట్టలతో కారెక్కి తలుపులు వేసుకున్నారనుకో. ఊపిరిలోని తేమా, బట్టల తడీ కలిసి, వానకి చల్లబడ్డ అద్దానికి లోపలి వైపు పట్టుకుంటాయి. నిమిషం తిరిగేసరికి ఎదర లారీ బ్రేకు లైట్లు ఎర్రటి మరకల్లా అలుక్కుపోతాయి. అప్పుడు చాలామంది, వానలో ఏసీ ఎందుకని దాన్ని ఆపేసి, చేతిరుమాలుతో అద్దం తుడుచుకుంటూ నడుపుతారు. తుడిచినంతసేపు పట్టదు, మళ్ళీ కమ్ముకుంటుంది. నువ్వు అలా చేయకు. విసనకర్ర ఆకారంలో అద్దం బొమ్మ, అందులో పైకి లేచే వంకర గీతలు ఉన్న గుర్తు చూడు. అది ముందద్దానిది. గాలిని అటు మళ్ళించు. ఏసీ బటన్ నొక్కు. బయటిగాలి లోపలికి రానివ్వు. ఫ్యాను స్పీడు పెంచు. చలి పుడితే ఏసీ ఆపకుండానే నాబ్‌ని ఎరుపు వైపు తిప్పు. ఏసీ, హీటరు రెండూ కలిపి వాడుకోవచ్చని చాలామందికి తెలియదు. ఏసీ గాలిలోని తడి లాగేస్తుంది, హీటరు దాన్ని వెచ్చబెడుతుంది. ఆ పొడి వేడిగాలికి అద్దం చూస్తుండగానే కింది నుంచి పైకి తేటపడుతుంది.

దీనికి పూర్తిగా తిరగబడే సందర్భం ఒకటుంది. వాన వెలిసిన రాత్రి, మన గోదావరి గట్ల వెంటో విశాఖ తీరం వెంటో వస్తుంటావు. బయట ఉక్క, లోపల ఏసీ జోరు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళసీసాకి పట్టినట్టు అప్పుడు అద్దానికి బయటి వైపు చెమట పడుతుంది. ఇలాంటప్పుడు చల్లగాలి అద్దానికి కొట్టావంటే మసక ఇంకా ముదురుతుంది. వైపర్ ఒకసారి ఆడించు, గాలిని అద్దం మీద నుంచి మళ్ళించు, చల్లదనం కాస్త తగ్గించు. అది లోపలిదో బయటిదో ఎలా తెలుస్తుందంటావా? చూపుడువేలితో అద్దం లోపల ఓ గీత గీయి. గీత పడితే మసక లోపలిది, పడకపోతే బయటిది. అనుమానం తీరకపోతే ఇండికేటర్ వేసి పక్కకి ఆపుకో. కనబడని దారిలో ఒక్క గజం కూడా ముందుకు పోనివ్వకు.

వెనకద్దానికి దీర్ఘచతురస్రం గుర్తుతో వేరే బటన్ ఉంటుంది. ఆ అద్దంలో అడ్డంగా కనబడే సన్నని గీతలు కరెంటుతో వేడెక్కే తీగలు. వాటి మీద స్టిక్కర్లు అంటించకు, గోటితో గీకకు, తుడిస్తే గీతల వెంటే మెత్తటి గుడ్డతో తుడువు.

కారు బొమ్మ లోపల బాణం గుండ్రంగా తిరిగే బటన్ ఉంది చూడు, అది రీసర్క్యులేషన్. అది నొక్కితే లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. చల్లబడిన గాలినే ఇంకా చల్లబరుస్తుంది కాబట్టి మండుటెండలో కారు త్వరగా చల్లబడుతుంది. పొగ కక్కే లారీ వెనక ఇరుక్కున్నప్పుడూ, దుమ్ము లేచే రోడ్డు మీదా ఇదే నీకు రక్ష. అయితే దాన్ని గంటల తరబడి అలా వదిలేయకూడదు. నలుగురు కూర్చున్న మూసిన కారులో మనం వదిలే కార్బన్ డయాక్సైడు పేరుకుపోతుంది. తల దిమ్ముగా ఉంటుంది, ఆవులింతలు వస్తాయి, చురుకు తగ్గుతుంది. విజయవాడ హైవే మీద మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరినప్పుడు వచ్చే మత్తుకి ఇదీ తోడైతే ఎంత ప్రమాదమో ఆలోచించు. ఊరు దాటి రోడ్డు తేటపడగానే బయటిగాలికి మార్చు. నిద్ర నిజంగా ముంచుకొస్తుంటే ఏ గాలీ కాపాడదు, బండి ఆపి దిగి మొహం కడుక్కుని టీ తాగు. అప్పటికీ తేరుకోకపోతే ఏ హోటల్ దగ్గరో ఆగి కాసేపు నడుం వాల్చు.

మన ఎండల గురించి నీకు చెప్పేదేముంది! ఎండలో నిలిపిన కారెక్కగానే ఏసీ వేసి తలుపులు బిగించకు. ముందు ఒక వైపు అద్దం దించి, దానికి ఎదురు తలుపుని నాలుగైదు సార్లు తెరిచి మూయి. లోపలి సెగంతా బయటికి పోతుంది. ఆ తర్వాత అద్దాలు దించే ఒకటి రెండు నిమిషాలు నడిపి, అప్పుడు మూసి ఏసీ వేసుకో. చల్లగాలి బరువు, కిందికి దిగుతుంది. అందుకని ముందున్న వెంట్లని కాస్త పైకి తిప్పు. హీటరు గాలిని కాళ్ళ వైపు పంపు, అది తనంతట తనే పైకి వస్తుంది. చల్లబడ్డాక మామూలు ఏసీలోనైతే ఫ్యాను తగ్గించు. డిగ్రీల అంకెలు కనబడే ఆటోమేటిక్ ఏసీ అయితే 24 దగ్గర పెట్టి వదిలెయ్. మొదట్లో అది ఎటూ పూర్తి బలంతోనే పనిచేస్తుంది, దాన్ని 16కి దించి మళ్ళీ మళ్ళీ కెలకనక్కర్లేదు. అమ్మమ్మ పక్కన కూర్చుంటే ఆవిడ మోకాళ్ళకి చల్లగాలి తగలకుండా చూడు.

పిల్లల విషయంలో మాత్రం నా మాట కఠినంగానే తీసుకో. 2005లో అమెరికాలో అచ్చయిన ఓ పరిశోధనలో, ఎండ అంతగా మండని రోజుల్లో కూడా, నిలిపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల వేడి పెరిగింది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దాలు కొంచెం దించి ఉంచినా పెద్దగా తేడా రాలేదు. పసివాళ్ళ ఒళ్ళు పెద్దవాళ్ళకన్నా కొన్ని రెట్లు త్వరగా వేడెక్కుతుంది. 2025 మే నెలలో మన విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు తలుపుల లాక్ పడిపోయి లోపలే ప్రాణాలు వదిలారు. తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. ‘ఏసీ వేసే ఉందిగా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా’ అని పిల్లల్ని లోపల వదిలి వెళ్ళకు. ఇంటి ముందు నిలిపినా సరే కారుకి తాళం వెయ్యి, దిగేముందు వెనక సీటు చూడు, తాళంచెవి పిల్లలకి అందనివ్వకు.

అరకుకో శ్రీశైలానికో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను ఆయాసపడుతుంటే కాసేపు ఏసీ ఆపు. ఆ బలం చక్రాలకి అందుతుంది. వేడి చూపించే ముల్లు పైకి పాకుతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు పూర్తి వేడికి తిప్పి ఫ్యాను పెంచు. ఎండలో హీటరేమిటని అనుకోకు. ఇంజను వేడిని లాగి కారులోకి వదలడానికి అది రెండో రేడియేటర్‌గా పనిచేస్తుంది. అలా చేస్తూ చోటు దొరగ్గానే పక్కకి ఆపు, ఇంజను ఆపెయ్. వేడిని హెచ్చరించే ఎర్రదీపం వెలిగితే మంచి చోటు కోసం చూడకుండా వెంటనే రోడ్డు వారగా ఆపు. కాగుతున్న రేడియేటర్ మూత మాత్రం తియ్యకు, ఒళ్ళు కాలిపోతుంది.

బండి ఆపి, తలుపులు మూసి, ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. ఇంజను వదిలే పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగుండదు, వాసనుండదు. లోపలికి చేరిందంటే నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. మూసిన గ్యారేజీలోనూ, సెల్లార్‌లో గోడవారగానూ ఇంజను నడుస్తుండగా బండిని వదలొద్దు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకీ ఈ మాట చెప్పు. అక్కడ మంచు కురిసినప్పుడు హీటరు వేసుకు కూర్చునే ముందు, పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచు తొలగించాలి. గొట్టం మూసుకుపోతే అదే విషం కారులోకి ఎక్కుతుంది.

బండి బాగోగులు క్లుప్తంగా చెబుతాను. ఏసీలోంచి ముక్కవాసన వస్తే అది తడి ఆరని కాయిల్ మీద పట్టిన బూజు. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి ఫ్యాను మాత్రం తిరగనివ్వు, కాయిల్ ఆరుతుంది. గ్లవ్‌బాక్స్ వెనక ఉండే ఫిల్టర్‌ని ప్రతి సర్వీసుకీ తీయించి చూడు, గాలి వేగం తగ్గిందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. చలికాలంలో కూడా వారానికోసారి ఏసీ కాసేపు వెయ్యి, గ్యాస్‌తో పాటు తిరిగే ఆయిల్ సీళ్ళని తడిగా ఉంచుతుంది. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఏటా వేసవికి గ్యాస్ నింపాలని మెకానిక్ అంటే, ‘ముందు లీకెక్కడుందో చూపించండి’ అని అడుగు.

కొత్త కార్లలో ఈ బటన్లన్నీ టచ్‌స్క్రీన్‌లోకి వెళ్ళిపోతున్నాయి. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు కళ్ళు తెర మీద పెడితే బండి 44 మీటర్లు నువ్వు చూడకుండానే పోతుంది. అందుకే ఇవాళ సాయంత్రమే ఓ అరగంట ఖాళీ చేసుకో. ఆరుబయట కారు నిలిపి, సీట్లో కూర్చుని, ఒక్కొక్క బటన్ నొక్కి గాలి ఎటు నుంచి వస్తోందో అరచేత్తో చూసుకో. మాన్యువల్‌లో ఏసీ పేజీలు చదువు. చూడకుండా చెయ్యి దానంతటదే ముందద్దం బటన్ మీదికి వెళ్ళేదాకా సాధన చెయ్యి. ఆ తర్వాతే వానలో బండి తియ్యి. నీకు ఏసీ నేర్చుకోవడం అరగంట పని తల్లీ. దాన్ని వచ్చే వారానికి వాయిదా వెయ్యకు.

ఆశీస్సులతో,
మామయ్య