ఆగిన గంటము

బమ్మెర పోతన తన భాగవతపు అష్టమ స్కంధమున గజేంద్రమోక్షణమును రచించుచు, వైకుంఠవర్ణన నారంభించి, పద్యము ముందునకు సాగక గంటము విడిచి వెడలిపోఁగా, శ్రీరాముఁడే ఆయన రూపమున వచ్చి ఆ మత్తేభమును పూరించెనను ఐతిహ్యమును మన పెద్దలు భక్తిమహిమకు నిదర్శనముగాఁ జెప్పుదురు. నాకు మాత్రము పూరణముకంటె ఆ ఆగుటయే అధికముగా మనస్సును తాఁకును.

పలికించువాఁడు రామభద్రుఁడని గ్రంథాదియందే కర్తృత్వమును సమర్పించిన కవికి, మాట తోఁపని ఆ బాధ యెవ్వరిది? కేవలము వేణువైనచో వేదన యుండరాదు. నేను కర్తననెడి అహంకారము నశించినను, ఉత్తమమైనదానిని గుర్తింపఁగల వివేకము నశింపదు. కావుననే చేతికి వచ్చిన పదము చాలదని ఆయనకుఁ దెలిసినది, చాలినది మాత్రము దొరకలేదు. ఈ అసంతృప్తి వినయమునకు విరోధి యని కొందఱందురు. నేనట్లు తలఁపను. తక్కువదానితోఁ దృప్తిపడి, అదియే దైవదత్తమనుటకంటె అవినయము వేఱొకటి గలదా?

ఒరులు పూరించుట ఆ ఒక్క పద్యమునకే పరిమితము కాదు; ఆ మహాగ్రంథమునందును పంచమ స్కంధము గంగన, షష్ఠము సింగన, ఏకాదశ ద్వాదశములు నారయ యను కవుల పేరఁ బరఁగుచున్నవి. శిథిలభాగముల పూరణమని సంప్రదాయము చెప్పును. కారణమేదైనను, నలువురి చేతులు సోఁకిన ఆ కృతిని మనము నేఁటికిని పోతన భాగవతమనియే చదువుకొనుచున్నాము.