అరిసెలపై అడుగులు

అన్నప్రాశనకు ముహూర్తము పెట్టుదుము, అక్షరాభ్యాసమునకు పెట్టుదుము. బిడ్డ తొలియడుగులకు మాత్రము ఏ పంచాంగమును ముహూర్తము చెప్పదు. అడుగు పడినప్పుడే అరిసెలు వండి వానిపై నడిపింతురు. ఇక్కడ పండుగయే బిడ్డకొఱకు వేచియుండును. మన యాచారములలో ఇంత వివేకము గలవి కొద్ది.

నేడు గుంటూరులో చదువుకొన్న తల్లి, ఎదురింటి పిల్ల పదవ నెలలోనే నడిచినదని నిద్ర మానుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన పరిశీలనలో, ఆరోగ్యవంతులగు శిశువులే ఒంటరిగా నడచుటకు 8 నెలలు మొదలు 17 నెలలు దాటువఱకు పట్టినది. కొందఱు దోగాడనే లేదు. ఆ తల్లి భయము బిడ్డను గూర్చియా, ఎదురింటిని గూర్చియా?

అయితే వేచియుండుట వేఱు, చూడకుండుట వేఱు. 18 నెలలు నిండినను నడువనిచో, వచ్చిన నేర్పు పోయినచో, ఏడాది నిండకమునుపే ఒక చేతినే వాడుచున్నచో, "వాళ్ల నాన్నా ఆలస్యంగానే నడిచాడు" అను నాయనమ్మ మాట చాలదు. వైద్యునకు చూపవలెను.

ఇందు నా తప్పొకటి కలదు. మిరపకాయల తొడిమలు తీయు కూలికిపోవు నొకామె కొడుకు నా తరగతిలో బొత్తాము పెట్టుకొనలేడు, గీతపై వ్రాయలేడు. సోమరియని ఏడాదిపొడవున నిందించితిని. "పంతులుగారూ, వాడిది బద్ధకం కాదండీ, వేళ్లు మాట వినటంలేదు" అని ఆమె చెప్పినను వినలేదు. బడియీడు పిల్లలలో నూటికి అయిదారుగురకు, వేఱు జబ్బేదియు లేకయే, కాలుసేతుల పొందిక కుదరదని తరువాత చదివితిని. అప్పటికి వాడు బడి మానెను.

ఇల్లు వెదకికొని పోయితిని. తల్లి పనికి పోయియుండెను. అరుగుపై కూర్చున్న వాడు నన్ను చూచి, చొక్కా బొత్తాములను చేతితో కప్పుకొనెను.