మనోడి లెక్క

మన ఓటు ఎటు పడిందో ఊరంతా చెప్పగలదు. మాల పల్లెలో ఎన్ని ఓట్లు, మాదిగ పల్లెలో ఎన్ని ఓట్లు, అవి ఏ గుర్తు మీద పడ్డాయి అనే లెక్క ఓట్లు లెక్కపెట్టిన రోజు సాయంత్రానికల్లా పెద్ద బజార్లో తేలిపోతుంది. మరి మన ఓట్లతో గెలిచి సభలో కూర్చున్నవాడి ఓటు ఎటు పడిందో మనలో ఎంతమందికి తెలుసు? దీని వెనక ఇంకో ప్రశ్న ఉంది. అది చాలా ఏళ్ళుగా నన్ను వదలడం లేదు. మన కులంలో పుట్టి, మన పేరు మీద కేటాయించిన సీట్లో గెలిచినవాణ్ణి మనం లెక్క అడగడం న్యాయమా? అడిగితే మనోణ్ణి మనమే బజారున పెట్టుకున్నట్టవుతుందా?

నేను పుట్టింది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో. మాది మాదిగ పల్లె. నా చిన్నప్పుడు ఎమ్మెల్యే అంటే ఒక జీపు, ఒక తెల్ల చొక్కా, ఆ చొక్కా చుట్టూ నలుగురు కామందులు. ఆయన మనోడే అని నాయన గొప్పగా చెప్పేవాడు. మనోడే, కాదనను. కానీ మా పల్లెకి వచ్చినప్పుడు కూడా ఆ జీపు పెద్ద బజార్లోనే ఆగేది. అక్కడ కాఫీ తాగి, కామందుల్ని వెంటబెట్టుకుని నడిచొచ్చేవాడు. మేము అర్జీ ఆయన చేతికిస్తే ఆయన దాన్ని పక్కనున్న కామందు చేతికిచ్చేవాడు. ఆ కాయితంలో ఉన్నది ఆ కామందు మీద ఫిర్యాదే అయినా సరే.

లెక్క అంటే ఏందో నాకు నేర్పింది బడి కాదు, మా నాయనమ్మ. ఆమెకు చదువు రాదు. కోతల కాలంలో కామందు పొలంలో ఎన్నాళ్ళు చేసిందో ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. రోజు పనికి పొడుగు గీత, పూట పనికి పొట్టి గీత. కామందు దగ్గర పుస్తకం ఉండేది. ఆయన పుస్తకంలో ఎప్పుడూ రెండు మూడు రోజులు తక్కువే. "నీ గోడ నిజమా, నా పుస్తకం నిజమా?" అనేవాడు. పుస్తకం మీద గోడ ఏనాడూ గెలవలేదు. అయినా ఆమె గీతలు మానలేదు. "వాడు ఇస్తే ఇచ్చె, లేకపోతే లే. నా లెక్క నాకుండాలి గదరా అయ్యా" అనేది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని వేటాడి చంపినప్పుడు నేను ఇంటర్ చదువుతూ సంక్షేమ హాస్టల్లో ఉన్నాను. ఆ రోజుల్లో మేము అడిగిన ప్రశ్న ఒకటే: మన పేరు మీద సభల్లో కూర్చున్న ఇంతమంది ఏం చేస్తున్నారు? అప్పుడది కోపంతో అడిగిన ప్రశ్న. జవాబు వెతకాలన్న ఆలోచన తర్వాతెప్పుడో వచ్చింది. డిగ్రీ అయ్యాక నేనూ ఇద్దరు స్నేహితులూ ఒక గ్రంథాలయంలో శాసనసభ చర్చల సంపుటాలు ముందేసుకుని కూర్చున్నాం. మా ఎమ్మెల్యే పేరు ఎక్కడెక్కడుందో ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. ఐదేళ్ళకీ కలిపి ఒక పేజీ నిండలేదు. ఒక రోడ్డు గురించి అనుబంధ ప్రశ్న. ఒక సంతాప తీర్మానంలో రెండు ముక్కలు. మిగిలినదంతా ముఖ్యమంత్రి గారికి కృతజ్ఞతలు. మా నియోజకవర్గంలోనే మాదిగల ఇళ్ళు తగలబడ్డ నెలలో సభ జరిగింది. ఆ నెల పుటల్లో ఆయన పేరు లేదు.

ఆ పుటల్లోనే ఇంకో సంగతి తెలిసింది. మా ఎమ్మెల్యే ఏ బిల్లుకి చెయ్యెత్తాడో వెతుకుదామంటే ఆధారమే లేదు. మన చట్టసభల్లో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో పోతాయి. సరే అన్నవాళ్ళ గొంతు పెద్దదా, కాదన్నవాళ్ళ గొంతు పెద్దదా అన్నది స్పీకరు చెవి తేలుస్తుంది. ఎవరు ఏమన్నారో రాయరు. ఎవరైనా సభ్యుడు లేచి డివిజన్ కావాలని పట్టుబడితేనే ఓట్లు విడగొట్టి లెక్కిస్తారు, పేర్లు కాయితం మీదికొస్తాయి. లోక్‌సభలో అయితే ముందున్న మీట నొక్కాలి: అవునంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు, ఏ పక్షమూ కాదంటే పసుపు. రాజ్యాంగ సవరణకు మాత్రం ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి అక్కడ లెక్కింపు తప్పదు. తక్కినవన్నీ గొంతులే. తెలుగువాళ్ళను రెండు రాష్ట్రాలు చేసిన బిల్లు కూడా 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే పాసయింది. ఆ సమయంలో టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. కోట్లమంది బతుకు మార్చిన రోజున ఎవరు ఎటున్నారో పేరు పేరునా చెప్పే పుట లేదు.

నోటుబుక్కు పట్టుకుని మేము ముగ్గురం ఆయన ఇంటికి వెళ్ళాం. అప్పటికి ఆయన మాజీ. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "అన్నా, ఇది నీ ఐదేళ్ళ లెక్క" అని ఇచ్చాం. ఆసాంతం చదివాడు. కోప్పడలేదు.

"తమ్ముడూ, నాకు టికెట్టు ఇచ్చిందెవరు? ఖర్చు పెట్టిందెవరు? విప్పు కాయితం చేతిలో పెట్టినాక నేను చెయ్యెత్తకపోతే సీటు పోతది. సీటు పోతే మీ పల్లెలో బోరు ఎవడు వేయిస్తాడు? సరే, నా లెక్క తీశారు. పక్క నియోజకవర్గం ఆయన ఐదేళ్ళూ నోరే తెరవలేదు. ఆయన కులపోళ్ళు పుస్తకం పట్టుకుని ఆయన ఇంటికి పోయారా?"

ఈ సంగతి తెలిసి మా పెద్దయ్య చర్చి మెట్ల మీద నన్ను నిలదీశాడు. "ఒరే అబ్బాయ్, నువ్వు చదువుకుంది ఇందుకా? ఉన్న ఒక్కణ్ణీ మనమే కిందికి లాగుదామా? పెద్ద బజారోళ్ళు నవ్వరా?"

ఈ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అందుకే వాటిని తోసిపారెయ్యకుండా ఒక్కొక్కటే చూడాలి.

మొదటిది విప్పు. కారంచేడు జరిగిన ఏడే, 1985 మార్చి 1న, 52వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దాంతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ ఆదేశానికి వ్యతిరేకంగా ఓటేసినా, ఓటెయ్యకుండా ఊరుకున్నా, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వం పోతుంది. డబ్బుకి పార్టీలు మారేవాళ్ళని ఆపడానికని తెచ్చారు. అది మారేవాళ్ళని ఎంత ఆపిందో మనకు తెలుసు. అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యాలనుకునేవాణ్ణి మాత్రం గట్టిగానే ఆపింది. 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో సుప్రీంకోర్టు ఆ షెడ్యూలును సమర్థించింది. అయితే ప్రభుత్వం నిలబడటం, పడిపోవటం తేలే ఓట్లకీ, పార్టీ ముఖ్య విధానాలకీ మాత్రమే అలాంటి ఆదేశం పరిమితం కావాలంది. పార్టీలు ఆ మాట పట్టించుకోలేదు.

కాబట్టి చేతికి సంకెల ఉన్న మాట నిజం. కానీ అన్నా, విప్పు కట్టేసేది ఓటుని. ప్రశ్న వెయ్యొద్దని పదో షెడ్యూలులో ఎక్కడుంది? సభలో అన్న మాటకు ఏ కోర్టులోనూ జవాబు చెప్పనక్కర్లేదని రాజ్యాంగం 105, 194 అధికరణాల్లో రాసిపెట్టింది. ప్రశ్నోత్తరాల సమయం ఉంది. జీరో అవర్ ఉంది. సొంతంగా బిల్లు పెట్టే హక్కుంది. అలాంటి బిల్లు పార్లమెంటులో చివరిసారి చట్టమైంది 1970లోనే. అయినా పెట్టిన బిల్లు కాయితం మీద ఉంటుంది. డివిజన్ కావాలని లేచి అడిగే హక్కు కూడా ఉంది. టికెట్టు రాదన్న భయం ఉంటుంది, ఒప్పుకుంటాను. అయితే మా పల్లెలో కూలి రేటు అడిగినవాడికి మర్నాడు పని ఉండదన్న భయం లేదా? పని పోతుందని తెలిసీ అడిగినవాళ్ళ వల్లే కదా రేటు పెరిగింది?

ఈ సంకెల విప్పుతో మొదలు కాలేదు. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. వాటి బదులు ప్రాంతీయ సభల్లో 148 సీట్లు ఇచ్చారు. ముందు అంటరాని కులాల ఓటర్లు మాత్రమే నలుగుర్ని ఎంచాలి, ఆ నలుగురిలో ఒకర్ని అందరూ కలిసి గెలిపించాలి. ఇప్పుడు ఆ మొదటి ఎంపిక కూడా లేదు. మన రాష్ట్రాల రిజర్వుడు నియోజకవర్గాల్లో ఓటర్లలో మనం సగం కూడా ఉండం. అభ్యర్థిని ఎంచేది పార్టీ, గెలిపించేది ఎక్కువగా ఇతరుల ఓట్లు. అంబేడ్కర్ భయపడింది దీనికే. దీని ఫలితం మద్రాసు శాసనసభలో అప్పుడే కనపడింది. అందులో మన కోస్తా, రాయలసీమ సభ్యులూ ఉండేవారు. 1932లో ఉమ్మడి నియోజకవర్గాలే మేలన్న ఎం.సి. రాజా 1938లో ఆ సభలో ఆలయ ప్రవేశ బిల్లు పెట్టాడు. రాజాజీ ప్రభుత్వం వద్దంది. బిల్లు ఓడిపోయింది. ఉమ్మడి ఓటును నమ్మినవాడికే ఆ సభలో దక్కింది అది.

రెండో మాట: నా లెక్కే ఎందుకు? ఈ ప్రశ్నలో ఉన్న గాయం నాకు తెలుసు. ప్రతిభ పేరుతో జీవితమంతా పరీక్షలు పెట్టేది మనకే. అగ్రకులం వాడు సభలో నిద్రపోతే అది వయసు, మనోడు నిద్రపోతే అది రిజర్వేషన్. కాబట్టి మనోడి లెక్క ఒక్కటే రాయడం అన్యాయం. అందరిదీ రాయాలి. ఇంకో సంగతి మరవకూడదు. దళితుల్లో ఎక్కువమంది బతికేది జనరల్ నియోజకవర్గాల్లో. అక్కడ మన ఓట్లతో గెలిచిన కామందు కొడుకు మనకు లెక్క చెప్పక్కర్లేదా? ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సభలో 175 మందిలో 29 మంది, తెలంగాణ సభలో 119 మందిలో 19 మంది మాత్రమే ఎస్సీ సీట్ల నుంచి వస్తారు. తక్కినవాళ్ళని వదిలేసి వీళ్ళనే అడిగితే, కుల సమస్య మాలమాదిగల సొంత గొడవ అని మనమే ఒప్పుకున్నట్టు.

మూడోది పెద్దయ్య మాట. పెద్దయ్యా, పెద్ద బజారోళ్ళు నవ్వుతారని మన లెక్క మనం దాచుకుంటే లాభం ఎవరికి? ఆయన్ని కిందికి లాగింది మా నోటుబుక్కు కాదు. టికెట్టు ఇచ్చినవాళ్ళు, ఖర్చు పెట్టినవాళ్ళు, విప్పు ఇచ్చినవాళ్ళు ఆయన్ని ఎప్పుడో తమవాణ్ణి చేసుకున్నారు. వాళ్ళు రోజూ లెక్క అడుగుతున్నారు, ఆయన చెబుతున్నాడు. లెక్క అడగనిది మనమొక్కళ్ళమే. ఎవరికి లెక్క చెప్పాలో వాళ్ళ మనిషే అవుతాడు ఎవడైనా. కులం వల్ల ఆయన మనోడు కాలేదు. మనం అడగడం మొదలుపెడితే అవుతాడేమో. తిట్టడం వేరు, లెక్క అడగడం వేరు. తిట్టి ఊరుకున్నామంటే ఆయన మీద ఆశ వదులుకున్నామని.

అయితే లెక్క ఎట్టా రాయాలి? ఇప్పుడు హాజరు, ప్రశ్నలు, చర్చలు అంకెలుగా దొరుకుతున్నాయి. అంకెల్ని నమ్మి మోసపోకూడదు. హాజరు పట్టీలో సంతకం ఆ రోజు వచ్చాడని చెబుతుంది, ఎంతసేపు కూర్చున్నాడో చెప్పదు. మంత్రులు ఆ పట్టీలో సంతకమే పెట్టరు. ప్రశ్నల సంఖ్య అంతకన్నా మాయ. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేశారని 2005 డిసెంబరులో పార్లమెంటు 11 మంది సభ్యుల్ని బహిష్కరించింది. అంకెల్లో వాళ్ళూ ప్రశ్నలు అడిగినవాళ్ళే.

అందుకని మా నోటుబుక్కులో రెండు పేజీల పద్ధతి పెట్టుకున్నాం. ఎడమ పేజీలో వాడలో జరిగింది, కుడి పేజీలో ఆ రోజుల్లో సభలో జరిగింది. ఉదాహరణకి, ఎడమ పక్క 2018 మార్చి 20: అట్రాసిటీ చట్టాన్ని నీరుగార్చిన సుప్రీంకోర్టు తీర్పు. ఏప్రిల్ 2: భారత్ బంద్, రోడ్ల మీద మన పిల్లల ప్రాణాలు పోయాయి. కుడి పక్క ఆగస్టు 6: తీర్పును సరిచేసే సవరణ బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో పాసయింది. రెండు పేజీలూ కలిపి చదివితే ఆ చట్టాన్ని కదిలించింది వీధి అని తెలుస్తుంది. కుడి పేజీ ఒక్కటే చదివితే సభ దయ అనిపిస్తుంది.

ఇంకో పుట. 2019 జనవరి 8, లోక్‌సభ, 124వ రాజ్యాంగ సవరణ బిల్లు. ఆర్థికంగా వెనకబడ్డవాళ్ళకి పది శాతం, కానీ ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలకి అందులో చోటు లేదు. పేదరికానికి కూడా కులం కట్టిన బిల్లు అది. రాజ్యాంగ సవరణ కాబట్టి లెక్కించారు: అనుకూలం 323, వ్యతిరేకం 3. ఆ ముగ్గురిలో హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ ఒకరు. ముగ్గురూ జనరల్ సీట్ల వాళ్ళే. లోక్‌సభలో ఎస్సీలకు 84 సీట్లున్నాయి. మన పేదల్ని పక్కన పెట్టిన బిల్లుకి ఆ 84 సీట్ల నుంచి ఒక్క ఎర్ర దీపం వెలగలేదు. ఇది నింద కాదు, పుటలో ఉన్న మాట. నింద వెయ్యాలా వద్దా అన్నది ఆ 84 మందీ తమ నియోజకవర్గాల్లో చెప్పే జవాబు విన్న తర్వాతి సంగతి. జవాబు వినాలంటే ముందు మనకు ఆ పుట తెలిసుండాలి.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక పని చెబుతాను. చట్టసభల్లో మన సీట్లకు రాజ్యాంగం మొదట పదేళ్ళే గడువు పెట్టింది. పదేళ్ళకోసారి పొడిగిస్తూ వచ్చారు. చివరిసారి 2019 డిసెంబరు 10న లోక్‌సభ 355 ఓట్లతో, వ్యతిరేకం లేకుండా పొడిగించింది. ఆ గడువు 2030 జనవరి 25తో తీరుతుంది. మళ్ళీ పొడిగించాలంటే మళ్ళీ రాజ్యాంగ సవరణే, మళ్ళీ పేర్లతో లెక్కింపే. ఆ రోజు మన సీట్ల గురించి అందరూ మాట్లాడతారు, ఈ సీట్లు ఏం సాధించాయని మన శత్రువులు కూడా అడుగుతారు. వాళ్ళ పుస్తకంలోంచి మనం జవాబు వెతుక్కునే గతి పట్టకూడదు. ఇప్పుడే మొదలుపెట్టండి. మీ ఎమ్మెల్యేది, మీ ఎంపీది, రిజర్వుడైనా జనరలైనా, ఒక్కో నోటుబుక్కు. ఏడాదికోసారి వాడ నడిమధ్యలో, ఆయన్ని కూడా పిలిచి, రెండు పేజీలూ పైకి చదవండి. ముందుగా ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, మా గురించిన బిల్లు వచ్చిన రోజున డివిజన్ కావాలని లేచి అడిగావా?"