ఇక చేయవలసినదేమియు లేదా?

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్‌గారు భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ ఉక్కు కర్మాగారమును నమ్ముకొని తెలుగునాటినుండి తరలివెళ్లిన కుటుంబములు అనేకములు. ఆనాడు యౌవనులుగా పనిలో చేరినవారు నేడు మంచముపట్టు వయస్సువారు. అనేకుల పిల్లలు దూరపట్టణములలో నున్నారు. అట్టి యింటిలోని రోగినిగూర్చి వైద్యుడు, “ఇక చేయవలసినదేమియు లేదు, ఇంటికి తీసికొనిపోవుడి” అనినయెడల, ఆ మాటను సంఘముకూడ నమ్మవలెనా?

రోగము నయముకాదనుట వేరు, రోగికి చేయదగినది లేదనుట వేరు. నొప్పిని అణచవచ్చును, ఆయాసమును తగ్గింపవచ్చును, పుండు కడుగవచ్చును, ఎవరితోను చెప్పుకొనలేని భయమును వినవచ్చును. దీనినే ఉపశమన వైద్యమందురు. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ వైద్యురాలు, మరణించుచున్నవాని నొప్పి దేహముతో ఆగదనియు, మనస్సును కుటుంబమును ఆత్మనుకూడ అంటుననియు బోధించెను. మన దేశమందు కేరళ ప్రభుత్వము 2008లో ఇందుకొక విధానమునే ఏర్పరచెను. అచ్చట ఇరుగుపొరుగువారే శిక్షణపొంది రోగుల యిండ్లకు వెళ్లుచున్నారు.

మనలో కొందరికి మార్ఫిన్ అనగానే శంక. ప్రభువు సిలువయొద్ద బోళము కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదు గదా అందురు. నిజమే, మార్కు అట్లే వ్రాసెను. అయితే ఆయన నిరాకరించినది తనకొరకు. మరి యే రోగికిని అట్టి ఆజ్ఞ నియ్యలేదు. తన నొప్పిని తాను భరించుట ఒకటి, ఒరులచేత భరింపజేయుట మరియొకటి. ఈ రెండవదానికి భక్తి యని పేరుపెట్టుటకు నాకు ధైర్యము చాలదు.

గెత్సేమనేలో మెలకువగా నుండుడను ఆజ్ఞను మార్కు, మత్తయి యిరువురును వ్రాసిరి. మత్తయిలో మాత్రము “నాతో కూడ” అను మాట అధికముగా నున్నది. అనువాదకుడు తొందరలో దాటిపోదగినంత చిన్న మాట. గిన్నెను తొలగించుమని ప్రభువు తండ్రిని వేడుకొనెనుగాని శిష్యులను కాదు. వారిని కోరినది తోడు మాత్రమే. వారు నిద్రించిరి.

మెలకువ యనగానేమో భిలాయివారికి చెప్పనక్కరలేదు. ఫర్నేసు చల్లారకూడదు గనుక రాత్రి షిఫ్టున కాచుకొనియుండి, తెల్లవారగానే మరియొకరికి అప్పగించి యింటికి వచ్చినవారు వారు. రోగి మంచముయొద్ద షిఫ్టు మారదు. భార్యయో కోడలో ఒక్కతెయే నెలలతరబడి మేల్కొనియున్నది. ఆదివారము ఆ యింట ప్రార్థనచేసి ఆమేన్ అని లేచు మనము, మంగళవారము రాత్రి పదింటినుండి తెల్లవారు నాలుగింటివరకు ఆమెకు బదులు ఎవరు కూర్చుందురని అడిగితిమా?