కష్టం కాని చెమట

షాద్‌నగర్ చుట్టుపక్కల లావుగా ఉన్న పిల్లాణ్ణి చూస్తే నానమ్మలకు ముందు గుర్తొచ్చేది దిష్టి. "పిలగాడు మంచిగ బొద్దుగున్నడు, ఎవ్వరి కండ్ల పడ్తడో" అని ఉప్పు తిప్పి పారేస్తారు. డాక్టరు బరువు తగ్గించమన్నాడని కొడుకు వచ్చి చెబితే, ఆమె ఆ డాక్టరుకు పిల్లలున్నారో లేరో అడుగుతుంది.

ఆ మాటను నేను నవ్వి వదిలేయలేను. పాలమూరు లేబర్ అనే పేరు ఈ నేలదే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లనూ పసిపిల్లలనూ ఇంటి దగ్గర విడిచి, ఎక్కడెక్కడి కాలువలకో ఆనకట్టలకో మట్టి తట్టలు మోసిన తరం అది. ముంబై బస్సెక్కిన తరం కూడా అదే. వాళ్లు ఒళ్లు వంచింది గతిలేక. మనవడు ఆటోలో బడికి పోయి ఆటోలోనే ఇంటికి రావడం, ఒంటికి చెమట తెలియకుండా పెరగడం వాళ్లు కోరుకున్న బతుకు. ఆ ఇంటికి పోయి "వీణ్ణి రోజూ గంటసేపు ఉరికించండి" అంటే ఎవరి చెవికైనా కూలి పనిలాగే వినబడుతుంది.

నిజానికి మనం చెప్పే తీరు కూడా అలాగే ఉంటుంది. పదిహేను రోజులు చెమటోడిస్తాం, తర్వాత త్రాసు ఎక్కిస్తాం. ఎన్ని కిలోలు తగ్గితే అంత కూలి గిట్టినట్టు. ముల్లు కదలకపోతే పిల్లాడు దిగి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పులేసుకుంటాడు. మర్నాడు కడుపునొప్పి అంటాడు.

త్రాసుకు తెలియని సంగతి ఒకటుంది. కొవ్వు బాగా పెరిగిన పిల్లల్లో రక్తనాళాల లోపలి పొర చిన్న వయసులోనే మొద్దుబారడం మొదలవుతుంది. రక్తం ఎక్కువ కావాల్సినప్పుడు నాళం సాగాల్సినంత సాగదు. పరుగెత్తినప్పుడు రక్తం ఉరవడిగా గోడలను ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది, నాళం వదులవుతుంది. రోజూ ఇలా జరిగితే ఆ పొర తేరుకుంటుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఊబకాయం ఉన్న కౌమార పిల్లలతో 8 వారాలు వ్యాయామం చేయించి చూసిన ఫలితాలు 2004లో వచ్చాయి. బరువులో మార్పు లేదు. కానీ నాళాలు మామూలు పిల్లల నాళాల్లా సాగాయి. కిలో తగ్గకుండానే గుండెకు మేలు జరుగుతోందన్నమాట. ఈ ముక్క ఆ చెప్పులేసుకునే పిల్లాడికి ఎవరైనా చెప్పారా?

అలాగని నానమ్మది పూర్తిగా తప్పనీ అనలేం. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారంగా ఉప్మా పెట్టారు. జాతీయ పోషకాహార సంస్థ చూసిన అధ్యయనమది. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిది ఏళ్ల మధ్యకు వచ్చాక మళ్లీ పరీక్షిస్తే, ఉప్మా అందని పల్లెల పిల్లలకంటే వాళ్ల ధమనుల బిరుసు తక్కువగా కనిపించింది. కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ దొరికిన తిండిని నాళాలు గుర్తుపెట్టుకున్నాయి. అంటే "పిల్లలకు కడుపునిండా పెట్టాలె" అన్నది గుండె మాట కూడా. ఆమె ఎరిగిన కాలంలో తిండికి కొదవే, కదలికకు మాత్రం కొదవ లేదు. ఇప్పుడది తిరగబడింది.

ఐదు నుంచి పదిహేడేళ్ల వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క దమ్ములో అక్కర్లేదు, ముక్కలుగా చేసినా లెక్కే. బరువున్న పిల్లాడికి మన నడకే పరుగు. పక్కవాడితో మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగముంటే చాలు. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి. పరుగు పందెంలో చివరివాణ్ణి చేసి నవ్వులపాలు చేయడం మాత్రం ఎవరికీ మేలు చేయదు. గల్లీ కబడ్డీ నాకు అందుకే ఇష్టం. వెనక నిలబడి పట్టుకోవడానికి బరువైనవాణ్ణే ముందు పిలుస్తారు. అయితే కబడ్డీకి జాగా కావాలి. 44వ జాతీయ రహదారికి అటూ ఇటూ వెంచర్లు లేచి, ఖాళీ నేలంతా తెల్లరాళ్లు పాతుకుంది.

నాకు తెలిసిన ఒక నానమ్మ ఈ గొడవలన్నీ విని తనకు తోచింది చేసింది. వ్యాయామం అన్న పేరెత్తదు. పొద్దున కొత్తిమీరకు, బడినుంచి వచ్చాక పాలకు, పొద్దుగూకే వేళకు అగ్గిపెట్టెకు మనవణ్ణే పంపుతోంది. అన్నీ ఒక్కసారి తెమ్మని చెప్పొచ్చుగా అని కోడలు అడిగితే, ముసలిదాన్ని, యాది ఉండదు అంటుంది. ఇప్పుడామెకున్న బాధల్లా, మూడోసారి పోయినప్పుడు వాడు చిల్లరలో పది రూపాయలు మిగుల్చుకుని చిప్స్ ప్యాకెట్ కొంటున్నాడని. "పైసలు లెక్కవెట్టి ఇస్తున్న ఇగ" అంది.