పసివాడి పేగుకు పాపమేది?

పసిబిడ్డ చిన్నపేగు నీటిని పీల్చుకోవడమే కాదు, తనలోకి ఊరుస్తుంది కూడా. పేగు గోడ గుంటల్లోని కణాలు నెత్తురు వైపు నుంచి క్లోరైడ్ అయాన్లను తీసుకుని పేగులోకి వదులుతాయి. వాటి వెంట సోడియం, ఉప్పు వెంట నీరు వస్తాయి. ఆ తడి లేకపోతే తిన్నది కలవదు, కదలదు. ఊరినదాన్ని చాలామటుకు పేగు గోడ మీది వేళ్లలాంటి చూషకాలు మళ్లీ పీల్చేస్తాయి.

కలరా విషం ఇందులో కొత్త పనేదీ పెట్టదు. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనాన్ని పెంచి, అవసరానికి తెరుచుకునే క్లోరైడ్ ద్వారాన్ని మూతపడనివ్వదు, అంతే. దాంతో ఊరిన నీరంతా విరేచనాలుగా పోతుంది. పుట్టిన బిడ్డ బరువులో దాదాపు 75 శాతం నీరే కాబట్టి గంటల్లోనే కళ్లు లోతుకు పోతాయి, మాడు గుంటపడుతుంది.

ఏ పాపమూ ఎరగని పసివాడికి ఈ శిక్ష ఎందుకు? పూర్వజన్మ కర్మ అనేది ఒక జవాబు. అది బిడ్డనే దోషిని చేస్తుంది. పేగు చూస్తే తన రోజువారీ పనే చేస్తోంది. అమ్మవారి ఆగ్రహం అనేది గోదావరి సీమ పల్లెల జవాబు. అలాంటి అమ్మవారే పెద్దాపురం మరిడమ్మ; ఆమె జాతర ఆషాఢంలో జరుగుతుంది, అంటే కొత్తనీరు వచ్చే రోజుల్లో. ఈ జవాబు బిడ్డను వదిలి ఊరందరినీ బాధ్యులను చేస్తుంది. కాలువనీటి డెల్టాలో ఇదే నిజానికి దగ్గర: పై ఊరి మురుగు కింది ఊరి బిడ్డ కడుపులో చేరుతుంది.

ఇక పేగును నడిపే శక్తి సంగతి చూద్దాం. భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు మొదట సన్యసించాలనుకున్నవారే. ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది స్ప్రూ అనే పేగు జబ్బు. అది స్రావం హెచ్చడం వల్ల వచ్చేది కాదు, ఆహారసారం ఒంటబట్టనీయనిది. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన 1929లో కండరంలో, కణానికి శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. పేగు కణంలో సోడియం పంపును నడిపేది ఆ ఏటీపీయే. నీరు ఊరడానికీ, తిరిగి ఇంకడానికీ ఆధారం ఆ పంపే. చంపేదాని వెనుకా బతికించేదాని వెనుకా ఉన్న శక్తి ఒక్కటేనన్నమాట. మంచీచెడూ దానికి లేవు.

లంఖణం పరమౌషధమన్న మాట మాత్రం ఇక్కడ చేటు. కలరాలో సైతం గ్లూకోజ్‌తో పాటు సోడియాన్ని పీల్చుకునే దారి చెడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో వైద్యుడు దిలీప్ మహాలనబిస్ ఆ దారినే నమ్ముకుని ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు తాగించి ఎందరినో బతికించారు. నేటి ఓఆర్ఎస్ లీటరులో సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోళ్లు ఉంటాయి. విరేచనాలవుతున్న బిడ్డకు దాన్ని తాగిస్తూనే ఉండాలి, తల్లిపాలు ఆపకూడదు, వైద్యుల సలహాతో 14 రోజులు జింకు ఇవ్వాలి.